సుందరాబాయి తెచ్చిన ఒడిబియ్యం

పోయిన వారం కళావతిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి నులక మంచం మీద పడుకోబెట్టి ఆగిపోయాం. ఆ సంచిక అందనివాళ్లకు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. షోలాపూర్ నీలం నగర్‌లో ఉండే ఈ కళావతి, యజమాని రాజయ్య మాలక్ గారి చద్దర్ల, అంటే దుప్పట్ల గోదాంలో కుచ్చులు ముడివేసే మనిషి. నేల మీద కాళ్లు చాపుకుని పని చేసుకుంటుంటే బేళ్లు మోసే ఫోర్క్‌లిఫ్టు ఆమె కుడి పాదం మీదికి ఎక్కింది. పాదం నుజ్జయింది. డాక్టర్లు చీలమండ పై వరకు తీసేశారు. ఆ గాడీ నడిపే పాండురంగ్ తప్పతాగి ఉన్నాడని మాలక్ అన్నాడు, గోదాం మొత్తం తలూపింది, పోలీసులు పాండురంగ్‌ను పట్టుకుపోయారు. ఇక ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు తానే ఇంటికొచ్చి కళావతి నోట విని రాసుకుంటానని కబురు పంపాడు. ఆ రావడం ఇవాళే.

కబురు కళావతి ఇంటికి చేరేలోపే మాలక్ ఇంటికి చేరింది. అందుకే మధ్యాహ్నం ఎంగిలి కంచాలు ఇంకా తీయకముందే గడప ముందు రిక్షా ఆగింది.

దిగింది మాలక్ భార్య సుందరాబాయి. ఆమె ఈ గల్లీలో అడుగు పెట్టడం అదే మొదలు. చీర కుచ్చిళ్లు రెండు చేతులా పైకెత్తి, ముక్కు చిట్లించుకుని మోరీ మురుగు దాటింది. గడప దగ్గరికి రాగానే ఆ చిట్లింపును నవ్వుగా మార్చుకుంది. మంచం మీద నుంచి కళావతి ఆ మార్పు మొత్తం చూసింది. వెనక భుజాన సంచితో పెంటప్ప దిగాడు. పెంటప్ప కులపెద్ద. పెళ్లిళ్లలో అందరికంటే ముందు తాంబూలం అందుకుంటాడు, తగాదాల్లో కలిగినవాడి పక్కన కూర్చుంటాడు. ఇద్దరినీ కలిపి చూడగానే కళావతి మంచం పట్టె పట్టుకుని కొంచెం లేచి కూర్చుంది.

అత్త పోచమ్మ మాత్రం ఒళ్లోని బీడీల చాట పక్కకు నెట్టి లేచి నిలబడింది. షాబాదు బండల మీద రాలిన తంబాకు పొడిని కొంగుతోనే తుడవబోయింది. "రా అమ్మా, రా. మా గరీబోళ్ల ఇంటికి నువ్వొస్తవని కలల గూడ అనుకోలె" అంది. గోడ కానుకుని కూర్చున్న కొడుకు దత్తాత్రి లేవలేదు, తల కూడా ఎత్తలేదు. అతను కూడా అదే గోదాంలో హమాలీ. ఇవాళ పనికి రావద్దని మాలకే చెప్పాడట.

"ఏం బిడ్డా, నొప్పి జర తగ్గిందా?" అని సుందరాబాయి మంచం పక్కన కాకుండా గాలి వచ్చే గుమ్మం పక్కన కూర్చుంది.

"తగ్గిందమ్మా" అంది కళావతి. తగ్గలేదు. లేని పాదానికి ఉన్న వేళ్లు రేయీ పగలూ మండుతూనే ఉన్నాయి. ఆ మాట డాక్టరుకు చెబితేనే నమ్మలేదు, ఈమెకేం చెబుతుంది?

పెంటప్ప సంచి విప్పాడు. ఇత్తడి పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం కుప్పగా పోశాడు. దాని మీద ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, తమలపాకులు పేర్చాడు. పక్కన జరీ అంచు ఆకుపచ్చ చీర, రవిక ముక్క పెట్టాడు.

"అగో బాయి! ఒడిబియ్యమా?" అంది పోచమ్మ. 

అక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. పెళ్లయిన ఆడదానికి ఒడిబియ్యం పోసేది పుట్టింటివాళ్లు. కళావతికి పుట్టిల్లు లేదు. తల్లి, తండ్రి పోయారు, ఉన్న ఒక్క అన్న భివండికి మగ్గాల పనికి పోయి చెల్లెలి మొహమే మరిచాడు. ఈ గల్లీలో ప్రతి కోడలూ ఏదో ఒక శ్రావణంలో నిండు ఒడితో పుట్టింటి నుంచి తిరిగొచ్చి, ఆ బియ్యం వండి ఇరుగు పొరుగును పిలిచి పెట్టింది. కళావతి అందరిళ్లల్లో తినొచ్చింది, తల్లి పోయినప్పటి నుంచి ఒక్కసారీ పెట్టలేదు. తినొచ్చిన రోజల్లా పోచమ్మ ఏదో ఒక మాట అననే అనేది. ఇంత పెద్ద షోలాపూర్‌లో కళావతికి నొప్పి పెట్టే చోటు ఎక్కడుందో సుందరాబాయికి ఎవరు చెప్పారో గాని, వేలు సరిగ్గా అక్కడే పెట్టింది.

"తల్లి లేదని మనసు ఖరాబ్ చేసుకోకు. ఇయ్యాల్టి సంది మా ఇల్లే నీ తల్లిగారిల్లు. నేను అవ్వను, మాలక్ నీకు అయ్య. పండుగకు రా, పబ్బానికి రా" అంది సుందరాబాయి.

పోచమ్మ కళ్లు తుడుచుకుంటూ పీట వేసింది. దత్తాత్రి లేచి భార్యను రెండు చేతుల్లో ఎత్తి పీట మీద కూర్చోబెట్టాడు. ఆస్పత్రికి ఆటోలో తీసుకుపోయిన రోజు కూడా ఆ చేతులే ఎత్తాయి. రక్తంలో తడిసిపోయి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, ఎవరినీ ముట్టనివ్వకుండా తానే మోశాడని గోదాం ఆడవాళ్లు ఆస్పత్రికొచ్చి చెప్పారు. ఈ కష్టంలో కళావతి దాచుకున్న మంచి సంగతి అదొక్కటే.

పీట మీద కాళ్లు మడిచి కూర్చోవాలి. ఎడమ కాలు మడుచుకుంది గాని కట్టు కట్టిన కుడికాలు సూటిగా సుందరాబాయి వైపే చాపుకుని ఉండిపోయింది. సుందరాబాయి ఒక్క క్షణం దాన్ని చూసి, పళ్లెంలోని రవిక ముక్క తీసి ఆ కట్టు మీద కప్పేసింది.

"శుభమైన పని. గది కండ్ల ముంగట వద్దు" అంది.

కళావతికి ఒళ్లు జలదరించింది. తన కాలు అది. దాన్ని పాడైన కూరగిన్నె మీద మూత పెట్టినట్లు మూసేసింది ఈ మనిషి. అయినా కొంగు చాచి పట్టుకుంది. సుందరాబాయి దోసిలి నిండా బియ్యం తీసి ఒళ్లో పోసింది. చల్లటి, బరువైన బియ్యం. పసుపు వాసన గుప్పున కొట్టింది. కళావతి కళ్లు నిండాయి. పెళ్లయిన ఏడాది తల్లి పోసిన బియ్యం ఇలాగే ఒళ్లోకి జారాయి. రెండో దోసిలి పడింది. ఏడుస్తున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. గుప్పెడు బియ్యానికే ఇలా కరిగిపోయే మనిషివా నువ్వు, ఛీ, అని తనను తానే తిట్టుకుంది. కొంగు మాత్రం వదల్లేదు.

మూడో దోసిలి నింపి సుందరాబాయి ఒడి పైన ఆపింది. పోయలేదు.

"ఆ ఇన్‌స్పెక్టర్ సాహెబ్ వస్తడట గదా. వచ్చి ఏమేమో అడుగుతడు. తల్లిగారింటి పరువు ఆడబిడ్డ బజార్ల పెట్టుకుంటదా, చెప్పు? పాండురంగ్ తాగిండు, గాడీ నా మీదికి తెచ్చిండు. బస్, గంతే. ఇంకొక్క మాట నక్కో, వద్దు."

అప్పుడు పోసింది.

కళావతి ఒళ్లోని బియ్యం వైపు చూసింది.  ఈ బియ్యం, ఈ కుడుకలు, ఈ అవ్వ, అయ్య, అంతా ఆ ఒక్క మాట కోసమా? లంచం ఇచ్చేవాడు కూడా ఇంతకంటే మర్యాదగా ఇస్తాడు, టేబుల్ కింద నుంచైనా ఇస్తాడు. వీళ్లు చచ్చిపోయిన తల్లిని తెచ్చి పళ్లెంలో పెట్టి ఇస్తున్నారు.

"పాండురంగ్ తాగడమ్మా" అంది కళావతి.

"ఏంది?"

"ఆయన మెడల తులసిమాల ఉన్నది. మాలకరి. ఏటేటా పండరికి కాలినడకన పోతడు. మాల వేసుకున్నోడు తాగిండంటె ఈ షోలాపూర్ల ఎవలు నమ్ముతరు?"

పెంటప్ప గొంతు సవరించుకున్నాడు. "మాల ఏసుకున్నోళ్లు తాగరా బిడ్డా? ఎందర్ని చూడలె నేను. అయినా నువ్వు గాడీ దిక్కు వీపు పెట్టి కూసున్నవు. నీకేం ఎరుక?"

"వీపు పెట్టే కూసున్న, కాకా. పొద్దుగాల మాత్రం ముఖం పెట్టే కూసున్న. అప్పుడు చూసిన, విన్న."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. దత్తాత్రి గోడ పక్కన మరింత ముడుచుకున్నాడు.

గోదాంలో చద్దర్ల బేళ్లు కప్పు దాకా పేర్చి ఉంటాయి. రెండు వరసల మధ్య ఒక్క సందు. కప్పులో గాజు రేకు ఉన్నది ఆ సందు మీదే, వెలుతురు పడేది అక్కడే, అందుకని ఆడవాళ్లు కూర్చునేదీ అక్కడే. కాళ్లు చాపి, చద్దరు అంచు మోకాలి మీద పరిచి, కుచ్చు దారాలను కాలి బొటనవేలికి చుట్టి బిగించి ముడి వేయాలి. మగ్గాల ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలందరికీ చేతితో పాటు కాలు కూడా పనిముట్టే. గాడీ తిరిగేది కూడా ఆ సందులోనే. అది రాగానే పాండురంగ్ హారన్ కొట్టేవాడు, వీళ్లు బొటనవేలి దారం విప్పుకుని కాళ్లు ముడుచుకునేవాళ్లు, అది పోయాక మళ్లీ చాపుకునేవాళ్లు. పక్క షెడ్డులో మగ్గాల మోత. మామూలు కేకలు వినబడవు, హారన్ ఒక్కటే వినబడేది.

"ఆ హారన్ వైరు తెంపిచ్చిందెవలమ్మా? మాలక్ ఆఫీసుల కూసుని బొంబాయోళ్లతోని ఫోన్ల మాట్లాడ్తుంటె అడ్డమొస్తున్నదని మా అందరి ముంగటనే తెంపిచ్చిండు. మాకు ఒక చెక్క బల్ల అయినా ఏయిండ్రి, పక్కకు కూసుంటమంటె, మీ అవ్వలు తాతలు నేల మీదనే కూసున్నరు, మీకు కుర్సీలు గావాల్నా అన్నడు. పాండురంగ్ ఆ పొద్దుగాల మా కాడికొచ్చి, తాయీ, అక్కా, మీరు లేవకుంటె నేను గాడీ లోపలికి తోలనన్నడు. మాలక్ ఆయన్ను నోటికొచ్చినట్ల తిట్టిండు. మధ్యాహ్నం అందరు అన్నానికి లేచిన్రు. నాకు ఒక్క అంచు మిగిలింది, అయిపోగొట్టి లేద్దామని కూసున్న. వెనుక నుంచి బండ వణికింది. పక్కకు దొర్లిన గని, కాలు గుంజుకుందామంటె దారం బొటనవేలికి ఉండె."

 కాలు గుంజుకుందామంటే దారం ఉండె అన్న మాట ఎవరికైనా గుండె పట్టేయాల్సిందే. సుందరాబాయి పళ్లెంలో కుడుక పక్కకు జారితే సర్ది పెట్టింది.

"గవన్ని చెప్తవా సాహెబ్‌కు?" అంది.

"చెప్త."

"అయ్యో, పిచ్చిదాన్లెక్క మాట్లాడకే!" పోచమ్మ లేచి కోడలి భుజం పట్టుకుంది. "ఎవలమ్మ ఇట్ల ఇంటికొచ్చి ఒడి నింపుతది? నీకోసం గాదు, ఈ ఇంటి కోసమన్న కొంగు పట్టుకో."

కళావతి కొంగు వదిలేసింది. బియ్యం, ఖర్జూరాలు, వక్కలు బండల మీద చెల్లాచెదురయ్యాయి. పసుపు గింజలు తంబాకు పొడిలో కలిసిపోయాయి.

పోచమ్మ గుండె బాదుకుంది. ఒడిబియ్యం నేల పాలు చేస్తే ఇంటికి ఎంత అరిష్టమో చెబుతూ ఏడుస్తూనే మోకాళ్ల మీద కూలబడి, తంబాకు ఊదుకుంటూ గింజా గింజా ఏరడం మొదలుపెట్టింది. బీడీలు చుట్టి చుట్టి పసుపు పారిన ఆ ముసలి వేళ్లు మాలక్ ఇంటి బియ్యాన్ని ఏరుతుంటే కళావతి చూడలేక మొహం తిప్పుకుంది.

సుందరాబాయి నవ్వు అప్పుడు పోయింది. రిక్షా దిగినప్పటి చిట్లింపు మళ్లీ వచ్చింది. నిజం చెప్పాలంటే ఆమె మొహానికి అదే నప్పింది.

"మంచిగ చెప్తె ఎక్కదు మీకు. ఒడి నింపుతానంటె ఉమ్మేస్తరు. చెప్పుకో. అన్నీ చెప్పుకో. హారన్ సంగతి చెప్పు, బల్ల సంగతి చెప్పు. పాండురంగ్ తాగలేదని చెప్పు. సాహెబ్ ఊకుంటడా? లోపలికి తోలనన్నోడు మళ్ల ఎందుకు తోలిండని అడుగుతడు. అప్పుడేం చెప్తవ్?"

"సుందరాబాయీ, వద్దు. గది వద్దు" అన్నాడు పెంటప్ప కంగారుగా.

"ఎందుకు వద్దు? ఎన్ని దినాలు దాస్తం?" ఆమె కళావతి వైపు వంగింది. "పాండురంగ్ ఆ పూట గాడీ ఎక్కనే లేదు. గేటు కాడ చేతులు కట్టుకొని నిలబడ్డడు. ఎక్కిందెవలో నన్ను అడగకు. ఆ గోడకు ఆనుకొని కూసున్నడు, ఆయన్ని అడుగు."

కళావతికి ముందు అర్థం కాలేదు. గోడ పక్కన కూర్చున్నది దత్తాత్రి ఒక్కడే. చాలాసేపు అతన్నే చూసింది. అతను కాదంటాడేమో, లేచి సుందరాబాయిని నాలుగు మాటలంటాడేమో అని చూసింది. అతను బండ మీద పసుపు గింజ ఒకటి వేలితో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"నిజమేనా?"

"కళా..."

"నిజమేనా అని అడుగుతున్న."

"పాండురంగ్ తోలనన్నడు" అన్నాడు దత్తాత్రి.  "ట్రక్కు బయట నిలబడ్డది. మాలక్ నన్ను పిలిచి, ఆదివారాలు నేర్చుకున్నవు గదా, ఎక్కు, అన్నడు. ఎక్కిన. ముంగట బేళ్లు కండ్లకడ్డం ఉండె. నాకు నువ్వు కనబడలె. ఒట్టు, కనబడలె."

"కనబడకుంటె ఎట్ల తోలినవ్?"

"హారన్ కొట్టిన. బటన్ ఒత్తిన. వైరు లేదన్న సంగతి యాదికే రాలె. అందరు అన్నానికి పోయిన్రు, ఎవలు లేరనుకున్న."

పోచమ్మ ఏరుతున్న చెయ్యి ఆగింది. నోరు తెరిచి కొడుకు వైపు చూసి, వెంటనే తల వంచుకుని మళ్లీ ఏరసాగింది. ముసలిదానికి ఈ సంగతి ముందే తెలుసో, ఇప్పుడు తెలిసి కూడా తెలియనట్లుండాలనుకుందో చెప్పలేం.

కళావతికి ఏడుపు రాలేదు. మొగుడి చేతిలో కాలు పోయిందన్న మాట కంటే, ఆ మొగుడు తన మంచం పక్కనే కూర్చుని గంజి తాగిస్తూ పాండురంగ్‌ను తిట్టిన తిట్లు గుర్తుకొచ్చాయి. తాగుబోతు నాకొడుకు అన్నాడు. ఆ తులసిమాల తెంపి పారేస్తానన్నాడు. కన్నీళ్లు పెట్టుకుని మరీ అన్నాడు.

"నన్ను ఎత్తుకున్నప్పుడు ఏడ్చినవట గదా."

"ఏడ్చిన."

"మరి ఈ అబద్ధానికి ఎప్పుడు ఒప్పుకున్నవ్?"

 జవాబు సుందరాబాయే చెప్పింది. చెప్పడంలో ఆమెకు ఏ బెదురూ లేదు, పెళ్లి ముహూర్తం చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

"ఆస్పత్రి వరండలనే. లోపల నీకు ఆపరేషన్ అయితుండంగ మాలక్ పోయి మాట్లాడిండు. నువ్వు జైలుకు పోతె నీ పెండ్లాన్ని ఎవలు చూస్తరు, పాండురంగ్ మనోడు గాదు, పోనీ, అన్నడు. నీ పెనిమిటి సరే అన్నడు. సోమవారం సంది గాడీ సీటు మీద కూసునేది దత్తాత్రియే. పర్మినెంట్. నీకేం తక్కువ చేసినం బిడ్డా మేము?"

లోపల కత్తి తన ఎముక కోస్తుంటే బయట వరండాలో ఈ బేరం కుదిరింది. కోసిన కాలిని నర్సు బకెట్లో తీసుకుపోతుంటే వీళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చి, మళ్లీ మాట కలిపి ఉంటారు. దానికి కూలీగా సీటు. తన మీదుగా పోయిన ఆ గాడీ సీటే. ఛీ. ఇందాక దత్తాత్రి పట్టి ఎత్తిన భుజాలు గుర్తొచ్చి కళావతి కొంగుతో రెండు భుజాలూ గట్టిగా తుడుచుకుంది. ఎంత తుడిచినా ఆ చేతుల తాకిడి పోవడం లేదు. ఇన్నాళ్లూ దాచుకున్న ఆ ఒక్క మంచి సంగతే ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ కంపు కొడుతోంది.

"నీ కోసమే చేసిన కళా. ఇల్లు గడవాలె గదా" అన్నాడు దత్తాత్రి.

"నా పేరు తియ్యకు" అంది కళావతి.

పెంటప్ప ఇదే సమయమనుకున్నాడు. పంచాయితీలో తీర్పు చెప్పే గొంతు తెచ్చుకున్నాడు. "అయిందేదో అయింది బిడ్డా. ఇంట్ల ముచ్చట ఇంట్లనే ఉండాలె. నువ్వు నోరు తెరిస్తె పాండురంగ్ బయటికొస్తడు, నీ మొగుడు లోపలికి పోతడు. మాలక్‌కు ఏమైతది? నాలుగు రోజులు వకీలు చుట్టు తిరుగుతడు. నష్టం ఎవలిది? నీదే. ఆలోచించు."

"ఆలోచించేదేముంది?" అంది సుందరాబాయి. పోచమ్మ ఏరిన బియ్యం ఆమె పళ్లెంలోకి చేరాయి, తంబాకు పొడి, బండల మట్టి అన్నీ కలిపి. ఆ బియ్యాన్నే దోసిలిలోకి తీసుకుంది. రెండో చేత్తో కళావతి కొంగు పట్టి లాగి ఒళ్లో తానే పరిచింది. "ఆపిన కాడి నుంచే పోస్తున్న. నాలుగోది ఇది."

ఆమెకు సిగ్గు లేదు. సిగ్గు లేకపోవడంలో కూడా ఒక మెట్టు ఉంటుంది, ఆమె దాన్ని కూడా దాటి ఎప్పుడో పైకి పోయింది. కళావతి కొంగు లాక్కునే లోపే మట్టి బియ్యం ఒళ్లో పడ్డాయి. సరిగ్గా అప్పుడే గల్లీలో మోటారు సైకిలు ఆగింది.

వచ్చిన సాహెబ్ నడివయసు మనిషి. చేతిలో నల్ల సంచి, చొక్కా అంతా చెమట. చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు. పళ్లెం, పీట, బియ్యం చూసి, వేళ కాని వేళ వచ్చానేమోనని మరాఠీలో నొచ్చుకున్నాడు. ఓటీ భరణం, అంటే ఒడి నింపడం జరుగుతున్నట్లుంది, బయట ఆగమంటారా అని అడిగాడు.

"ఆగక్కర్లేదు సాహెబ్" పెంటప్ప కూడా మరాఠీలోనే, నోరంతా తెరిచి నవ్వుతూ చెప్పాడు. "మేం ఆమె తల్లిగారింటోళ్లం. బిడ్డ కష్టంల ఉన్నదని వచ్చినం. మీ పని మీరు కానియ్యండి."

సుందరాబాయి నెత్తి మీద కొంగు కప్పుకుని, కళావతి వీపు మీద చెయ్యి వేసింది. చూసేవాళ్లకు అది తల్లి చెయ్యే. ఆ చేతి గోళ్లు మాత్రం రవికలో నుంచి గుచ్చుకుంటున్నాయి.

సాహెబ్ ఇనప ట్రంకు పెట్టె మీద కూర్చుని కాగితాలు తీశాడు. రవిక ముక్క కప్పి ఉన్న కాలు వైపు ఒకసారి చూసి, వంగి, ఆ ముక్కను మెల్లిగా తీసి పక్కన పెట్టాడు.  తర్వాత కళావతి మొహం చూస్తూ మొదటి ప్రశ్న వేశాడు. "గాడీ కోణ్ చాలవత్ హోతా, తాయీ?" అప్పుడు గాడీ నడుపుతున్నది ఎవరమ్మా అని.

పోచమ్మ చేతులు జోడించి కోడలి వైపే చూస్తోంది. పెంటప్ప నవ్వు అలాగే బిగుసుకుంది. దత్తాత్రి గోడకు వీపు అదిమి పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

పాండురంగ్ పేరు చెబితే ఒక నిజాయితీపరుడు కటకటాల వెనకే ఉంటాడు. రేపు మళ్లీ వైరు లేని గాడీ ఆ సందులోకే వస్తుంది, బొటనవేళ్లకు దారాలు చుట్టుకుని గోదాం ఆడవాళ్లు అక్కడే కూర్చుంటారు. దత్తాత్రి పేరు చెబితే మాలక్ చేతులు దులుపుకుంటాడు, మొగుడే పెళ్లాం కాలు తొక్కాడట అని షోలాపూరంతా నవ్వుకుంటుంది. రెండు దారుల్లోనూ రాజయ్య మాలక్ ఆఫీసులో కూర్చుని బొంబాయితో ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటాడు. కళావతికి అప్పుడు తెలిసింది, వీళ్లందరూ కలిసి తనకు ఇద్దరి పేర్లే చూపిస్తున్నారని, మూడో పేరు ఈ ఇంట్లో ఎవరి నోటా రాకూడదని.

వీపు మీద చేతిని భుజం విదిలించి పడేసింది. కొంగు దులిపింది. మట్టి బియ్యం ఈసారి సుందరాబాయి పాదాల మీద పడ్డాయి.

"నేను వీళ్ల ఆడబిడ్డను గాను సాబ్. వీళ్లది నా తల్లిగారిల్లు గాదు" అంది మరాఠీలో, ఒక్కో మాటా స్పష్టంగా. "గాడీ నడిపినోడు పాండురంగ్ గాదు. నడిపినోడు ఈ ఇంట్లనే ఉన్నడు. వాన్ని బలవంతంగ ఎక్కిచ్చినోడు, హారన్ తెంపినోడు మాత్రం ఇంకా రాలె. ఆయన్ను గూడ పిలిపించి, ఇద్దర్నీ నా ఈ కాలు ముంగట నిలబెట్టుండ్రి. అప్పుడు పేర్లు చెప్త."

సాహెబ్ కలం కాగితం మీదే ఆగిపోయింది. "ఏం మాట్లాడుతున్నది ఇది? మందుల మత్తు ఇంకా దిగలె" అంటూ సుందరాబాయి పైకి లేచింది. ఆమె వెనక, గోడ దగ్గర, దత్తాత్రి కూడా లేచాడు. తెరిచి ఉన్న గడపకూ, సాహెబ్ కూర్చున్న ట్రంకు పెట్టెకూ సరిగ్గా మధ్యలో నిలబడి, అడుగు వేయడానికి కాలు ఎత్తాడు. ఆ అడుగు పారిపోయే గడప వైపు పడుతుందో, సాహెబ్ వైపు పడుతుందో కళావతికి ఇంకా తెలియదు.